సీమకారుకి నేను వేసిన ఇంజను

మా బావ కారుని వాకాడు చుట్టుపక్కల ఊళ్ళలో అందరూ సీమకారు అనేవాళ్ళు. ఇంగ్లండులో తయారై ఓడలో మద్రాసుకి వచ్చిన చిన్న కారు అది. గుండ్రటి బానెట్టు, దానికి చెరోవైపు ఉబ్బినట్టుండే దీపాలు, ముదురాకుపచ్చ రంగు. మద్రాసులో ఒక డాక్టరు గారి షెడ్డులో ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉంటే, అక్కని పెళ్ళి చేసుకున్న కొత్తలో బావ దాన్ని లారీ మీద తన ఊరికి తెచ్చుకున్నాడు. అప్పటికి నాకు పదేళ్ళు. మా అమ్మ పోవడంతో అక్క నన్ను తన దగ్గరే ఉంచుకుని చదివించింది. కాబట్టి ఆ కారూ నేనూ ఆ ఇంటికి ఇంచుమించు ఒకేసారి చేరాం.

బావ చదివింది పదో తరగతి. మూడున్నర ఎకరాల మడి ఉన్న రైతు. కారు పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పడం, చూడడం, మళ్ళీ బిగించడం, అంతే. సముద్రం గాలికి మా వైపు ఇనుము నిలవదు. ఏడాదికోసారి కారు కింద పడుకుని, తుప్పు గీకి, రంగు పూసేవాడు. రోజూ పొద్దున గేదెకి కుడితి పెట్టాక చెంబుతో నీళ్ళు తెచ్చి రేడియేటర్లో పోసేవాడు. కారు బయటికి తీసే పని లేకపోయినా పోసేవాడు. స్పానర్ పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. నేను డిప్లొమా చదివి, ఆ తర్వాత నెల్లూరులో ఒక పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరినప్పుడు, "మావాడు ఇంజనుల మేస్టరు" అని ఊళ్ళో కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడట.

ఆ కారు ఇంజను తొమ్మిది వందల సీసీ కూడా ఉండదు. అరవై దాటితే స్టీరింగు వణికేది. హైవే ఎక్కితే బస్సులు హారను కొడుతూ దాటిపోయేవి. పక్క సీట్లో కూర్చున్న నాకు సిగ్గుగా ఉండేది. ఇంజను మార్చుకోమని చాలాసార్లు అడిగాను. జపాన్ ఇంజను ఒకటి పడితే ఎక్కడికైనా పోవచ్చు, స్పేర్ల కోసం వెతుక్కునే పని ఉండదు అని చెప్పేవాణ్ణి. ఆయన నవ్వేవాడు.

"ఇది పోయే స్పీడు నాకు చాలు అబ్బయా. తొందరుంటే నువ్వు బస్సెక్కి పో" అనేవాడు.

ఇప్పుడు నా గురించి ఒక మాట చెప్పాలి. ఇరవై రెండేళ్ళు బోర్డు మీద ఇంజను బొమ్మలు గీశాను. ఏ భాగం ఏం చేస్తుందో నిద్రలో అడిగినా చెప్పగలను. కానీ నా చేత్తో నిలబెట్టిన బండి ఒక్కటి లేదు. పాత ఇంగ్లీషు కార్లలో పెద్ద ఇంజన్లు ఎక్కించేవాళ్ళ వీడియోలు ఫోనులో చూస్తూ ఉండేవాణ్ణి. వాళ్ళెవరూ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళు కాదు. అయినా వాళ్ళ చేతుల్లో ఆ కార్లు కొత్త ప్రాణం పోసుకున్నట్టు లేచేవి. అవి చూసినప్పుడల్లా నాకు మా బావ కారే గుర్తొచ్చేది.

నాలుగేళ్ళ కిందట ఎండాకాలంలో ఒక పొద్దున, అక్క కళ్ళు చూపించడానికి బావ ఆమెని కారులో గూడూరు తీసుకెళ్తున్నాడు. కోట దాటి, చిల్లకూరు దగ్గర హైవే ఎక్కే సమయానికి బానెట్టులోంచి ఆవిరి లేచింది. బావ కారుని పక్కకి తీసి ఆపాడు. దిగాడు, రెండడుగులు వేశాడు, ఎడమకాలు మడత పడి కూలిపోయాడు. మూతి ఒక పక్కకి లాగేసింది. అక్క రోడ్డుకి అడ్డం పోయి ఒక పాల వ్యాను ఆపింది. ఆ వ్యాను డ్రైవరే ఇద్దరినీ గూడూరు ఆసుపత్రికి చేర్చాడు. అక్కణ్ణించి నెల్లూరు తెచ్చారు. నేను వెళ్ళేసరికి అక్క ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంది, కాళ్ళకి చెప్పుల్లేవు. ఎక్కడ జారిపోయాయో ఆమెకి తెలీదు.

మూడోరోజుకి డాక్టర్లు ప్రాణానికి భయం లేదన్నారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు బలహీనపడ్డాయి, కసరత్తులు చేయిస్తే మెల్లగా వస్తాయి. మాట తడబడుతోంది. జ్ఞాపకానికి ఏమీ కాలేదు గానీ, ఆ ఒక్క పొద్దున మాత్రం ఆయన బుర్రలోంచి పూర్తిగా చెరిగిపోయింది. నిద్ర లేచింది కూడా గుర్తు లేదు.

కారుని చిల్లకూరులో రోడ్డు పక్క టీకొట్టు ఆయన కనిపెట్టుకుని ఉన్నాడు. నేను వెళ్ళి, దాన్ని గూడూరులో నా పాత క్లాస్‌మేట్ లేతు షెడ్డుకి లాగించాను. బానెట్టు ఎత్తగానే సంగతి తెలిసిపోయింది. రేడియేటరు కింది రబ్బరు గొట్టం వేలు పొడవున చిరిగి ఉంది. దాని కింద ఛాసిస్ మీద తుప్పునీళ్ళు కారిన చార ఇంకా తాజాగా ఉంది. నీళ్ళన్నీ దారిలో పోయాయి, ఇంజను వేడెక్కింది. ఇంజను పైమూతలా ఉండే హెడ్డు విప్పి చూశాం. గాస్కెట్టు కాలిపోయింది, హెడ్డు కొంచెం వంగింది. కింది దిమ్మ, బ్లాకు, పగిలితే ఇంజను మొత్తం పోయినట్టే, కానీ దానికి వెంట్రుకంత చీలిక కూడా లేదు. ఇద్దరం లైటు వేసుకుని అంగుళం అంగుళం చూశాం.

కొత్త గొట్టం, కొత్త గాస్కెట్టు, హెడ్డు చదును చెయ్యడం, వారం రోజుల్లో బండి నడుస్తుందన్నాడు స్నేహితుడు. షెడ్డులో ఒక మూల గోనెపట్టా కప్పి ఒక ఇంజను ఉంది. గుద్దుకున్న జీపులోంచి తీసిన జపాన్ ఇంజను, పదమూడు వందల సీసీ, అయిదు గేర్ల బాక్సుతో సహా. నేను పట్టా తీసి చూశాను. మళ్ళీ కప్పాను. ఇంకోసారి తీసి చూశాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. బావ నన్ను చూసి పెదాలు కూడగట్టుకుని, తడబాటు లేకుండా అడిగిన మొదటి మాట అది.

"అబ్బయా, ఇంజను ఎట్టుండాది?"

"బ్లాకు పగిలింది బావా" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. దారిలో ఆ మాట అనాలని అనుకోలేదు. అనకూడదనీ అనుకోలేదు. బావ పైన తిరుగుతున్న ఫాను వైపు కాసేపు చూశాడు.

"నీళ్ళు లేకనేనా?"

"ఆఁ. వేడెక్కిపోయింది."

"ఆ పొద్దు నేను నీళ్ళు పోసినానా? ఎంత గింజుకున్నా గుర్తు రావట్లా."

గొట్టం సంగతి అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. గొట్టం చిరిగిందంటే, మరి మిగతాదంతా బాగుందా అని అడుగుతాడు. ఆయనకి ఇంజను తెలుసు. అందుకే, "అయిపోయిన దాని గురించి ఎందుకులే బావా, వదిలెయ్" అన్నాను. దానికి అర్థం ఒక్కటే. నువ్వు పొయ్యలేదు, నేను ఆ మాట పైకి అనడం లేదు, అని. ఆయన అలాగే అర్థం చేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకో వారానికి, ఆర్.సి.లో ఇంజను మార్పు కోసం కావలసిన కాగితాలు తీసుకెళ్తే, అక్క అట్ట పట్టుకుంది, ఆయన చదవకుండా సంతకం పెట్టాడు. పాపం నువ్వు కూడా ఎన్నని చూసుకుంటావు అబ్బయా, అన్నాడు.

తర్వాత రెండు నెలలు అక్కా బావా నెల్లూరులో మా ఇంట్లోనే ఉన్నారు. రోజూ ఆటోలో కసరత్తులకి వెళ్ళి వచ్చేవాళ్ళు. నేను సెలవు దొరికిన ప్రతిరోజూ గూడూరు పోయేవాణ్ణి. పని మొదలుపెట్టేముందు నా స్నేహితుడు ఒకసారి అడిగాడు, బ్లాకు బాగుంది గదా ఎందుకు మార్చడం అని. మా బావే మార్చమన్నాడని చెప్పాను. అది రెండో అబద్ధం. మొదటిదానికంటే తేలికైంది.

ఆ రోజుల గురించి నిజం రాయాలంటే, నేను చాలా సంతోషంగా ఉన్నాను. కొత్త ఇంజను కూర్చోవడానికి ముందున్న అడ్డపట్టీ కోసి, వేరే పట్టీ అతికించాం. గేరుకర్ర నాలుగంగుళాలు వెనక్కి వచ్చింది, దానికోసం ఫ్లోరులో కొత్త కంత చేశాం. వెనక చక్రాలకి శక్తి తీసుకుపోయే షాఫ్టుని లేతు మీద పొట్టి చేశాం. రేడియేటరు పెద్దది పెట్టాం. ఆ వేగానికి పాత బ్రేకులు చాలవని ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు వేశాం. ప్రతి కొలతా నేనే తీశాను, కాగితం మీద గీశాను, గీసింది ఇనుములో అవుతుంటే పక్కన నిలబడి చూశాను. సాయంత్రం ఇంటికొస్తే గోళ్ళలో గ్రీజు. బావ నా చేతులు చూసి మురిసిపోయేవాడు. నా కోసం ఎంత కష్టపడతా ఉన్నాడో చూడు అని అక్కతో అనేవాడు. నేను చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి.

మొదటిసారి ఇంజను స్టార్టయిన రోజు కారుని హైవే మీద నాయుడుపేట వైపు తీసుకెళ్ళాను. వంద దాటింది. స్టీరింగు వణకలేదు. ఒక బస్సుని దాటాను. నాకు బాగా గుర్తుంది, ఆ ప్రయాణంలో బావ నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. తిరిగొచ్చేసరికి స్నేహితుడు షెడ్డులో మూల పడి ఉన్న పాత ఇంజను చూపించి, దీన్నేం చేద్దాం అన్నాడు. ఇక్కడెందుకు, తీసెయ్యమన్నాను. అది పాత ఇనుము కొట్టుకి పోయింది.

బావనీ అక్కనీ ఆ కారులోనే ఊరికి తీసుకెళ్ళాను. బావ ముందుసీట్లో నా పక్కన కూర్చున్నాడు. నేను గేరు మార్చినప్పుడల్లా ఆయన తల కొంచెం పక్కకి వాలేది, వింటున్నట్టు. కోట దాటాక, బాగా లాగతా ఉంది, అన్నాడు. ఇంటి ముందు దిగి, కర్ర ఊతంతో నడిచి బానెట్టు ముందుకి వచ్చాడు. కుడి అరచెయ్యి దాని మీద పెట్టాడు. ఆ తర్వాత అక్కతో మెల్లగా ఒక మాట అన్నాడు. నేను వినాలని అన్నది కాదు.

"పాతదాన్ని నేనే చంపుకున్నా."

ఆర్నెల్ల తర్వాత డాక్టరు ఆయన్ని పరీక్షించి, కారు నడుపుకోవచ్చన్నాడు. బావ నడపలేదు. తాళంచెవి మేకుకి తగిలించి వదిలేశాడు. నేను ఊరికి వెళ్ళినప్పుడు కారుని ఒక చుట్టు తిప్పి తెచ్చేవాణ్ణి, బ్యాటరీ పోకుండా. మా బంధువుల్లో కుర్రకారు ఆ ఇంజనుతో ఫోటోలు దిగేవాళ్ళు. నేనే మార్చానని చెప్పుకునేవాణ్ణి. బావ అరుగు మీద కూర్చుని ఆ మాటలు వినేవాడు.

అక్క ఫోనులో చెప్పే సంగతులు మెల్లగా మారాయి. మోటారు ఆపానా లేదా అని పొలం నుంచి వచ్చి మళ్ళీ పొలానికి పోతున్నాడట. గ్యాసు కట్టేశావా అని అక్కని నాలుగుసార్లు అడుగుతున్నాడట. చేసిన ప్రతి పనికీ గోడ మీద క్యాలెండరు వెనక పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటున్నాడట. అక్క అదంతా జబ్బు అనుకుంది. నెల్లూరు తీసుకొస్తే డాక్టరు అన్నీ అడిగి చూసి, జ్ఞాపకశక్తి మీకంటే నాకంటే బాగుందన్నాడు. బావ ఒప్పుకోలేదు. ఆయనకి ఆ పొద్దుది తెలీదులే, అన్నాడట బయటికొచ్చాక. ఆ మాట అక్క నాకు చెప్పినప్పుడు నేను ఫోను ఇంకో చెవికి మార్చుకుని వేరే సంగతి ఎత్తాను.

ఇలా మూడేళ్ళు గడిచాయి. ఆయన అంతలా నలుగుతున్నాడని నాకు తెలీదంటే అబద్ధం. తెలుసు. ప్రతిసారీ, ఇప్పుడు చెబితే ఆరోగ్యం ఏమవుతుందో అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆయన ఆరోగ్యం అడ్డం పెట్టుకుని నన్ను నేను కాపాడుకుంటున్నానని కూడా తెలుసు.

పోయిన ఏడాది వేసవిలో అక్క కాలేజీకే ఫోను చేసింది. బావ కాలవ పక్క రెండెకరాలు రొయ్యల గుంటకి కౌలుకి ఒప్పుకున్నాడట. మా వైపు అది ఎలాంటి పనో అందరికీ తెలుసు. ఒకసారి తవ్వి ఉప్పునీళ్ళు పెట్టాక ఆ నేల మళ్ళీ వరికి రాదు. ముప్పై ఏళ్ళుగా ఎంతమంది అడిగినా ఒప్పుకోని మనిషి. ఎందుకిలా చేశావని అక్క నిలదీస్తే ఆయన అన్న మాట ఆమె నాకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"కారుకి నీళ్ళు పొయ్యడం మరిచినోడు మడికి ఏం నీళ్ళు పెడతాడే?"

ఫోను పెట్టేసి స్టాఫ్ రూములో కూర్చుండిపోయాను. ఆ గంట నాకు క్లాసు ఉంది, వెళ్ళలేదు. అప్పుడే బస్సెక్కి పోయి ఉంటే ఆ రెండెకరాలు దక్కేవి. నేను వారం ఆగాను. పరీక్షల పని ఉందని అనుకున్నాను. ఉన్నమాట నిజమే గానీ, దానికోసం ఆగలేదు. నేను ఊళ్ళో బస్సు దిగేసరికి పొక్లెయిన్ వచ్చి పోయింది. కాలవ పక్క ఎర్రటి కట్టలు లేచి ఉన్నాయి. మధ్యలో ఆ మడి లేదు.

బావ అరుగు మీద ఉన్నాడు. అక్క మెట్ల దగ్గర పీట వేసుకుని చేపలు తోముతోంది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"బావా, ఆ రోజు బ్లాకు పగల్లేదు" అన్నాను.

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. ఏ రోజు అని అడిగాడు. అప్పుడు మొదటి నుంచి అంతా చెప్పాను. గొట్టం, ఛాసిస్ మీద చార, కాలిన గాస్కెట్టు, వారం రోజుల పని, పట్టా కింద ఉన్న జపాన్ ఇంజను, నాకు దాని మీద పుట్టిన ఆశ. అక్క చేతిలో చేప అలాగే ఉండిపోయింది. ఆయన నన్ను కొడతాడని అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన అడిగింది ఇంజను గురించి కాదు.

"అయితే నేను నీళ్ళు పోసినానా?"

"పోసినావు బావా. గొట్టం చిరిగి కారిపోయినాయి. నువ్వు మరిచిపోయింది ఏం లేదు."

బావ అక్క వైపు తిరిగాడు. "ఇన్నావా? పోసినానంట" అన్నాడు. తర్వాత నన్ను చూసి, కోపం లేకుండా, లెక్క సరిచూసుకుంటున్నట్టు చెప్పాడు.

"నాకు అనిపించింది అబ్బయా. నీళ్ళు లేకపోతే బండి కోట కూడా దాటదే, చిల్లకూరు దాకా ఎట్టా పోయిందీ అని. మళ్ళీ అనుకున్నా, చదువుకున్నోడు నువ్వు, నువ్వు చెప్పినాక ఇంకేముంది అని."

నేను ఇరవై రెండేళ్ళు పిల్లలకి చెప్పిన పాఠం అది. ఆయనకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. తనకి తెలిసినదాన్ని పక్కన పెట్టి నా మాట నమ్మాడు.

అక్క చేతులు కడుక్కుని వచ్చింది. మూడేళ్ళురా, అంది. ఆ మనిషి పక్కలో లేచి కూర్చుని పోసినానా పోసినానా అని అడుగుతా ఉంటే నేను ఏం చెప్పాలో తెలియక వీపు నిమిరినాను, మూడేళ్ళు, అంది. లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం నాకు అన్నం పెట్టింది. కంచం ముందు పెట్టి, కూర వేసి, నా మొహం చూడకుండా లేచి పోయింది. చిన్నప్పుడు తల్లిలేని పిల్లాణ్ణని నాకు ముద్దలు కలిపి పెట్టిన మనిషి.

బస్సుకి బయల్దేరుతుంటే బావ ఆ ఇంజను ఎక్కడుందని అడిగాడు. మర్నాడు గూడూరు వెళ్ళి, నా స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని పాత ఇనుము కొట్టుకి పోయాను. కొట్టు ఆయనకి ఆ ఇంజను గుర్తుంది. పాతకాలం పోత ఇనుము, సుత్తికి ఒక పట్టాన లొంగలేదన్నాడు. ముక్కలు చేసి అప్పుడే పంపించేశాడు. బావకి ఫోను చేసి ఆ మాటే చెప్పాను. దాని మీద నెంబరు కొట్టిన రేకైనా మిగిలిందా అని అడిగాడు. లేదన్నాను. సరే అన్నాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో అక్క నాతో మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టాకే తెలిసింది. దానికి నాలుగు నెలలు పట్టింది. నేను చెప్పిన రెండోరోజే బావ తాళంచెవి తీసుకుని కారులో వాకాడు పోయి వచ్చాడట. అక్కని కూడా పిలవలేదు. క్యాలెండరు వెనక గుర్తులు ఆగిపోయాయి. మిగిలిన ఎకరన్నరలో ఆ పంటకాలం తనే నిలబడి నాట్లు వేయించాడు. రెండెకరాలు మాత్రం పోయాయి. గుంట ఉప్పు ఊటకి ఈ పక్క మడి చివర కూడా పైరు ఎర్రబారుతోంది. ఆ సంగతి ఆయన నాతో ఎప్పుడూ ఎత్తలేదు. నేను అటు వైపు నడవను.

ఇప్పుడు కారుని ఆయనే నడుపుతాడు. బాగుందో లేదో ఎప్పుడూ చెప్పలేదు. ఎవరైనా బానెట్టు ఎత్తి చూసి, ఇది సీమ ఇంజను కాదే అంటే, "మా బామ్మర్ది మార్చినాడు. నన్ను అడగకుండా మార్చినాడు" అంటాడు. నేను పక్కన ఉన్నా అంటాడు, లేకపోయినా అంటాడు. కోపంగా అనడు, నవ్వుతూ కూడా అనడు. అడిగినవాళ్ళు నా వైపు చూస్తారు. నేను అవునంటాను.

పోయిన నెల వెళ్ళినప్పుడు, ముందు బ్రేకులు కీచుమంటున్నాయి, చూడమన్నాడు. నేను చెప్పిన తర్వాత ఆ కారు మీద నాకు పని చెప్పడం అదే మొదలు. జాకీ పెట్టి చక్రం విప్పాను. ఆయన కుర్చీ తెచ్చుకోలేదు. ఎడమకాలు నొప్పి ఉన్నా నా పక్కనే నిలబడి, నా చేతుల్నే చూస్తూ ఉన్నాడు. ప్యాడ్లు అరిగిపోయాయని చెప్పాను. ఏదీ చూపించమన్నాడు. తీసి చేతిలో పెట్టాను. వేలితో తడిమి, వెలుతురుకి పట్టుకుని చూసి, సరే మార్చమన్నాడు. కొత్తవి వేసి చక్రం బిగించాను. నేను లేవగానే ఆయన స్పానర్ అందుకుని, మెల్లగా వంగి, ఒక్కొక్క నట్టూ మళ్ళీ తనే బిగించి చూసుకున్నాడు.